తుప్పు పట్టించమని ఆర్డరు

కొత్తగా అడవి బీటుల్లో గార్డులుగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిస్తే నన్ను అడిగే మొదటి మాట, "సార్, మీ సర్వీసులో పులిని చూశారా?" అని. చూశాను. అది కూడా నన్ను చూసింది. నాలో చూడదగ్గదేమీ లేదనుకుందో ఏమో, తన దారిన తాను పోయింది. ఇన్నేళ్లు అటవీ శాఖలో పనిచేసిన నన్ను కోర్టు బోను ఎక్కించి, ఇంక్రిమెంటు కోయించి, ఇంట్లో వారం రోజులు మాటా పలుకూ లేకుండా చేసింది పులి కాదు, ఒక పాత ఇనుప సైకిలు. ఆ సంగతి చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం నవ్వు రావడానికి చాలా యేళ్లు పట్టింది.

మా రేంజి ఆఫీసు ఎక్కడుందో చెప్పను. టేకులపల్లి నుంచి ఏ దిక్కుకు ఎంత దూరమో చెప్పినా పాత స్టాఫు కనిపెట్టేస్తారు. అవి సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. సిగ్నల్ కావాలంటే మా డ్రైవరు జీపు బానెట్టు ఎక్కి మాట్లాడేవాడు. అప్పట్లో మా అడవి నుంచి టేకు బయటికి పోయేది ఎక్కువగా సైకిళ్ల మీదే. దుంగను ఫ్రేముకు కట్టి తోసుకుంటూ పోయేవాళ్లు. పట్టుబడితే మనిషికి బెయిలు దొరికేది, సైకిలుకు దొరికేది కాదు. ఆఫీసు వెనక ముళ్లకంప లోపల జప్తు చేసిన సైకిళ్లు గుట్టగా పడి ఉండేవి. కేసు తేలితే వేలం వేసేవాళ్లం, తేలకపోతే అక్కడే తుప్పు పట్టేవి.

ప్రతి సైకిలుకూ కేసు నంబరు రాసిన రేకు బిళ్ళ ఒకటి కట్టాలి. మా వాచరు ఖాళీ నూనె డబ్బాలు కత్తిరించి ఆ బిళ్ళలు చేసేవాడు. మంచి పనిమంతుడు, ముందుచూపు కాస్త ఎక్కువ. ఒక బెజ్జం తెగితే ఇంకోటి పనికొస్తుందని బిళ్ళకు పైనొకటి, కిందొకటి పెట్టాడు. ఏ బెజ్జంలో తీగ దూరిస్తే ఆ వైపు పైకొస్తుంది. అందులో ఏం ప్రమాదం ఉందో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక నా సంగతి. నాకు పాత ఇనుప సైకిళ్ల పిచ్చి. ఇప్పటి రేకు సైకిళ్లు కాదు. ఇద్దరు పడితే గాని లేవని బరువు, రాడ్డు బ్రేకులు, చైను మొత్తం కప్పేసే కేసు, తోలు సీటు, ముందు కంపెనీ బిళ్ళ, అలాంటివి. పెనుబల్లి దగ్గర ఒక రైతు దొడ్లో అలాంటి చైన్ కేసు కోళ్ల గూటికి అడ్డంగా కనిపిస్తే, దాని కోసం కోళ్ల గూడంతా కొన్నాను. కోళ్లు వద్దంటే ఆయన ఒప్పుకోలేదు. రెండు సైకిళ్లు కొని బాగు చేశాను, వాటిని ఎక్కి ఎక్కడికీ పోలేదు. మా ఆవిడ అంటుండేది, "ఆదివారం చర్చికి రమ్మంటే మోకాళ్ల నొప్పులంటవ్. గా సైకిల్ ముంగట మాత్రం పొద్దంత మోకాళ్ల మీదనే ఉంటవ్. దానికే మొక్కు, అదే నిన్ను పరలోకానికి తోల్కపోతది."

ఒక వేలంలో అరవై ఆరో నంబరు సైకిలు వచ్చింది. మట్టి కొట్టుకుపోయి, తుప్పు పట్టి, సీటు చిరిగి ఉంది. నేను వేలుతో ముందున్న కంపెనీ బిళ్ళ మీది మట్టి గీకాను. కింద ఇంగ్లీషు అక్షరాలు, ఇంగ్లండు ఊరి పేరు కనిపించాయి. స్టాఫు వేలం పాడకూడదు కనుక దమ్మపేట నుంచి మా బామ్మర్దిని పిలిపించి నిలబెట్టాను. వాడు ఒక ధర పాడాడు. ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక వాడి పాటను వాడే పెంచాడు. రెండుసార్లు. నేను వెనక నుంచి కాలు తొక్కితే గాని ఆపలేదు.

దాన్ని క్వార్టరు వెనక పెట్టుకుని ఎనిమిది నెలలు పనిచేశాను. బేరింగులు కిరసనాయిల్లో నానబెట్టాను. ఊచలు ఒక్కొక్కటే విప్పి రుద్దాను. హ్యాండిలుకు, రిమ్ములకు నికెల్ పూత కోసం ఖమ్మం రెండుసార్లు తిరిగాను. సీటు నేనే కుట్టి ఆముదం పట్టించాను. బ్రేకులు దొరక్క, నా పాత సైకిలొకటి విప్పి దాని బ్రేకులు దీనికి పెట్టాను. బెల్లు కొడితే ఆ చప్పుడు ఎంతసేపటికీ ఆగేది కాదు. ఒట్టు, నా పెళ్లి రోజు కూడా నేనంత సంతోషంగా లేను. ఆ మాట ఇంట్లో అనడం నేను చేసిన ఇంకో తప్పు.

ఈ ఎనిమిది నెలలూ ప్రతి సోమవారం ఆఫీసుకు ఒక ముసలాయన వచ్చేవాడు. లోపలి అడవి ఊరివాడు. తొంభై తొమ్మిదో నంబరు కేసులో ముద్దాయి. ఇంటి దూలానికని ఒక టేకు దుంగ సైకిలు మీద తోసుకుపోతుంటే, నాకు ముందు ఆ బీటులో పనిచేసినతను పట్టుకున్నాడు, ఆ తర్వాత బదిలీ మీద వెళ్లిపోయాడు. సోమవారం సోమవారం వచ్చి వేలిముద్ర వేసి పోవాలని బెయిలు షరతు. ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు, ఆపమనీ చెప్పలేదు. ఏడాదిన్నరగా వస్తూనే ఉన్నాడు. వేలిముద్ర వేసి, వేలు తలకు తుడుచుకుని, ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు.

"సారూ, నా సైకిల్ భద్రమేనా?"

"భద్రంగా ఉంది తాతా. కొంచెం తుప్పు పట్టిందంతే" అనేవాణ్ణి.

ఆయన భార్యకు మోకాళ్లు పనిచేయవు. విస్తరాకులు, చింతపండు సంతకు తెచ్చి అమ్మేది ఆమే. బేరం ఆడటం ఆమెకే వచ్చు, ఈయనకు రాదు. క్యారేజీ మీద ఆమెను కూర్చోబెట్టి సంతకు తీసుకొచ్చేవాడు. సైకిలు పోయినప్పటి నుంచి ఆమె సంత ముఖం చూడలేదు. ఈయన ఒక్కడే నెత్తిన మూట పెట్టుకుని నడిచొచ్చి, వాళ్లు ఎంతంటే అంతకు ఇచ్చి పోయేవాడట. ఆ మాట నాతో చెప్పి, "ఇంటికి పోతే తిడతది సారూ" అనేవాడు.

ఒకరోజు కోర్టు నుంచి కాగితం వచ్చింది. తొంభై తొమ్మిదో కేసు విచారణకు వచ్చింది, జప్తు చేసిన సైకిలు తీసుకురండి అని. సైకిళ్ల గుట్టంతా వెతికాం. తొంభై తొమ్మిది దొరికింది. అది నిన్నగాక మొన్నటి ఎర్ర లేడీస్ సైకిలు. పంచనామాలో 'నల్ల పాత సైకిలు' అని ఉంది. మా పెద్ద గుమాస్తా కళ్లద్దాలు తుడుచుకుని బిళ్ళ పట్టుకుని చూశాడు. తల అటు వంచి చూశాడు, ఇటు వంచి చూశాడు. చివరికి బిళ్ళనే తిప్పాడు. అరవై ఆరు!

వేలం వేయాల్సింది ఎర్ర సైకిలును. రెండింటికీ తలకిందులుగా వేలాడిన బిళ్ళలు చదువుకుని, కేసు నడుస్తున్న ముసలాయన సైకిలు నాకు అమ్మేశారు. ఎనిమిది నెలలుగా నా క్వార్టరు వెనక మెరుస్తున్నది కోర్టు ఆస్తి! రేంజర్ గారు కుర్చీలో కూలబడి, "ఏమయ్యా, దానికేమైనా చేశావా?" అన్నారు. క్వార్టరుకు తీసుకెళ్లి చూపించాను. ఆయన బెల్లు కొట్టి చూశారు. ఇంకోసారి కొట్టారు. "అబ్బా" అని, వెంటనే తల పట్టుకున్నారు.

ఇక్కడ నా బుద్ధిహీనత ఇంకొకటి ఒప్పుకోవాలి. కోర్టుకు పోయేముందు దాన్ని తుడవకుండా ఉండలేకపోయాను. కాస్త నూనె కూడా పెట్టాను. అంతమందిలోకి పోతోంది కదా!

జడ్జిగారు పంచనామా చదివారు. "నల్లని పాత సైకిలు, అక్కడక్కడ తుప్పు, సీటు చిరిగినది, బ్రేకులు లేనిది, వెనక మడ్‌గార్డుకు సొట్ట." తలెత్తి సైకిలును చూశారు. దాని హ్యాండిలు మీద కిటికీ వెలుగు పడి ఆయన కళ్లలోకే కొడుతోంది.

"ఇదేనా జప్తు చేసిన ఆస్తి?"

"ఇదేనండి" అన్నాను.

"తుప్పు ఏదీ?"

"తుడిచామండి."

"సొట్ట కూడా తుడిచారా?"

జడ్జిగారు ముసలాయన వైపు తిరిగి, "ఇది నీ సైకిలేనా?" అని అడిగారు. ఆయన పాపం నిజంగానే కళ్లు చికిలించి చూశాడు. "నాది గాదయ్యా. నాది గింత మంచిగ లేదు. గిది పెండ్లి పిలగాని సైకిల్ లెక్కుంది" అన్నాడు. ముసలాయన తరఫు వకీలు ముఖం వెలిగిపోయింది. సైకిలే ఆయనది కాకపోతే ఇక కేసెక్కడిది? అప్పుడు వెనక బెంచీ మీద నుంచి ఒక ఆడగొంతు లేచింది. "ఏందయ్యా గట్లంటవ్? మనదే! మెరిస్తే మనది గాకుండ పోతదా?" ముసలాయన భార్య, ఎవరి బండినో బతిమాలి ఎక్కి వచ్చిందట. కోర్టు గుమాస్తా ఆమెను కసిరి కూర్చోబెట్టాడు.

జడ్జిగారు వాయిదా వేశారు. జప్తు చేసిన ఆస్తిని జప్తు చేసిన స్థితిలో తీసుకురావాలి, లేకపోతే దాన్ని భద్రపరచాల్సిన ఉద్యోగి సంజాయిషీ చెప్పాలి. ఆ ఉద్యోగి నేనే.

మరుసటి రోజు రేంజర్ గారు అందర్నీ పిలిచి ఆర్డరు వేశారు. నోటితోనే లెండి, కాగితం మీద ఎవరు రాస్తారు? "నెల టైముంది. దీన్ని ఎట్లుండేదో అట్ల చెయ్యండి. తుప్పు పట్టించండి."

చెబితే నమ్మరు, నా సర్వీసులో మా ఆఫీసు మొత్తం కలిసి ఒక పని మీద కూర్చున్నది ఆ నెలే. డ్రైవరు ఉప్పు నీళ్లు అన్నాడు. వాచరు చింతపండు రసం అన్నాడు. రంగు గీకి, ఉప్పు నీళ్లు చల్లి ఎండలో పెట్టాం. ఫ్రేము లొంగింది గాని నికెల్ లొంగలేదు. ఖమ్మంలో పూత వేసినాయన్ని తిట్టుకుంటూ ఆ పూతంతా గరుకు కాగితంతో గీకాను. రేంజర్ గారు రోజూ పొద్దున్నే వచ్చి, "ఎంతవరకు వచ్చింది తుప్పు?" అని అడిగేవారు. పెద్ద గుమాస్తా పంచనామా చేతిలో పట్టుకుని మాటమాటకూ సరిచూసేవాడు. రెండో వారం ఆయన అడ్డం తిరిగాడు.

"తప్పు. పంచనామాలో 'అక్కడక్కడ' తుప్పు అని ఉంది. మీరు అంతటా పట్టించారు."

"ఇప్పుడేం చేయమంటారు?"

"అక్కడక్కడ తీసెయ్యండి."

తీశాం. ఎక్కడ తీయాలో తెలియక తగువులాడుకున్నాం. అదిగో, ఆ సోమవారమే ముసలాయన వేలిముద్రకు వచ్చి, వరండాలో మా గుంపును, మధ్యలో సైకిలును చూశాడు. దగ్గరకొచ్చి ఫ్రేము కింద చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడ ఏదో అతుకు తగిలినట్టుంది, ముఖం మారిపోయింది.

"ముసల్ది చెప్పింది నిజమే. నాదే గిది" అన్నాడు. వెంటనే, "తుప్పు ఆడ గాదు సారూ. గీ ఎడమ దిక్కు ఉండె. మడ్‌గార్డు సొట్ట ఇంకింత కిందికి" అని చూపించడం మొదలుపెట్టాడు.

పెద్ద గుమాస్తా ఉండబట్టలేక, "ఏందయ్యా, నీ మీద కేసుకు నువ్వే సాక్ష్యం తయారు చేస్తున్నవా? అది నీది కాదంటే ఇంటికి పోతవు కదా?" అన్నాడు.

"ఇంటికి పోత సారూ. సైకిల్?"

"అది మళ్ల వేలంకు పోతది."

"మరి ముసల్ది సంతకెట్ల పోతది?" అని, "నాది గాదన్నకాడి నుంచి నాతోని మాట్లాడుత లేదు సారూ. బువ్వ పెడతది, మాట్లాడదు" అన్నాడు.

అప్పటి నుంచి ముసలాయన సోమవారమే కాదు, రోజు విడిచి రోజు వచ్చాడు. తన మీద కేసు పెట్టిన శాఖకు ఆయనే మేస్త్రీ అయ్యాడు. ఆయన చెప్పిన చోట సుత్తితో సొట్ట పెట్టాం. బ్రేకులు విప్పేశాను. చివరికి సీటు మిగిలింది. బ్లేడు పట్టుకున్నాను గాని చెయ్యి రాలేదు. ఆ కుట్లు ఒక్కొక్కటీ నేను వేసినవి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను. ముసలాయన నా చేతిలో బ్లేడు తీసుకుని, "నువ్వు అటు దిరుగు సారూ" అన్నాడు. చర్రుమన్న చప్పుడు విన్నాను. తిరిగి చూస్తే సీటు మూలకు జానెడు పొడుగున చిరుగు. "గింతే ఉండె" అన్నాడు.

వాయిదా రోజు వచ్చింది. ముసలాయన బోనులో నిలబడ్డాడు. వకీలు ముందే ఆయనకు గట్టిగా నూరిపోశాడు, 'నాది కాదు' అను, సాయంత్రానికి ఇంట్లో ఉంటావు అని. 'నాదే' అంటే దుంగ కూడా నీదే అవుతుంది, జైలు కూడా పడొచ్చు అని. నా సంగతి వేరు. ఆయన కాదంటే కోర్టు ఆస్తి పోగొట్టినవాణ్ణవుతాను, ఉద్యోగానికే ఎసరు. ఆయన ఏం చెబుతాడో నాకు తెలియదు. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

జడ్జిగారు పంచనామా, సైకిలు, మళ్లీ పంచనామా చూశారు. తృప్తిగా తలూపారు. "ఇది నీదేనా?"

వకీలు దగ్గాడు. ముసలాయన వెనక బెంచీ వైపు చూశాడు. అక్కడ ఆయన భార్య చేతులు కట్టుకుని కూర్చుంది.

"నాదేనయ్యా."

"క్రితం సారి కాదన్నావే?"

"అప్పుడు సారు మంచిగ చేసిండయ్యా, నేను గుర్తుపట్టలే. ఇప్పుడు మేమందరం గలిసి ఖరాబ్ చేసినం."

"అందరం అంటే?" అన్నారు జడ్జిగారు. ముసలాయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. "గీ సారు, డ్రైవర్ సారు, కళ్లద్దాల సారు, రోజు పొద్దుగాల వచ్చి తుప్పు సూసి పోయే పెద్ద సారు..." రేంజర్ గారు ఊపిరి తీసుకోవడం మానేశారు. నేనే లేచి పక్క బోనెక్కి చేతులు జోడించి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. బామ్మర్ది పాటతో సహా.

జడ్జిగారు బిళ్ళ అడిగారు. విప్పి బల్ల మీద పెట్టాం. కింద నిలబడ్డ కోర్టు గుమాస్తా "అరవై ఆరు" అని చదివాడు. పైన కూర్చున్న జడ్జిగారు "తొంభై తొమ్మిది" అన్నారు. గుమాస్తా వినయంగా, "చిత్తం, అరవై ఆరండి" అన్నాడు. ఇద్దరూ ఇంకోసారి చదివారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అప్పుడు జడ్జిగారు కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. కాగితం దించేసరికి ముఖం మళ్లీ గంభీరంగా ఉంది.

తీర్పు చిన్నది. నిజం చెప్పాడు కనుక, దుంగ ఇంటి అవసరానికే కనుక, ముసలాయనకు ఆ రోజు కోర్టు లేచేదాకా లోపల కూర్చోవడమే శిక్ష. సైకిలు ఆయనకే ఇచ్చేయాలి. వేలం చెల్లదు. నా సంగతి నా శాఖ చూసుకోవాలి. శాఖ బాగానే చూసుకుంది. ఇంక్రిమెంటు పోయింది, ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. పిల్లలూ, మీకు చెప్పేది ఒక్కటే. జప్తు చేసిన వస్తువును ప్రేమించొద్దు. ప్రేమించినా తుడవొద్దు.

ముసలాయన లోపల బెంచీ మీద కూర్చున్నాడు. "సారూ, శిక్ష మొదలైనట్టేనా?" అని నన్నడిగాడు. మొదలైందన్నాను. అయిదు నిమిషాల్లో నిద్రపోయాడు. బయట వరండాలో సైకిలు స్టాండు వేసి ఉంది. ఆయన భార్య మెల్లగా గోడ పట్టుకుంటూ వెళ్లి క్యారేజీ మీద ఎక్కి కూర్చుంది. కోర్టు జవాను పరుగెత్తుకొచ్చి, "అవ్వా, ఆర్డర్ టైపు గాలే. అప్పటిదాక ముట్టుకోవద్దు" అన్నాడు.

"నేను ముట్టుకోలె బిడ్డా. కూసున్న" అంది. భోజనాల వేళ దాటినా దిగలేదు. మధ్యలో వకీలు వచ్చి బతిమాలాడు, ఆయనకూ అదే జవాబు.

పొద్దు వాలుతుండగా కోర్టు లేచింది. ఆర్డరు చేతికొచ్చింది. ముసలాయన కళ్లు నులుముకుంటూ వచ్చి హ్యాండిలు పట్టుకుని స్టాండు తీశాడు. ఆమె క్యారేజీ మీదే ఉంది. నేను ఆగలేకపోయాను. ఎనిమిది నెలలు చేతులారా బాగు చేసి, నెల రోజులు అవే చేతులతో పాడు చేసినవాణ్ణి. దగ్గరికెళ్లి, "అవ్వా, వచ్చే ఆదివారం మీ ఊరికి నేనే వస్తాను. సీటు కుడతాను, రంగేస్తాను. నాకేం ఇయ్యొద్దు. నెల తిరక్కుండా మళ్లీ మెరిసేటట్టు చేసిస్తాను" అన్నాను.

ఆమె చీర కొంగు సర్దుకుని, మొగుడి నడుము పట్టుకుని, నన్ను ఎగాదిగా చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో.

"వద్దు సారూ. మంచిగ కనబడితే మళ్ల మీరే కొనుక్కపోతరు" అంది.

నేను పక్కకు జరిగి దారిచ్చాను.